అమ్మ ఆసుపత్రి బిల్లు, నా పేరు మీద వచ్చిన ఉత్తరం

బాకీలు వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీ పంపిన ఉత్తరం మీద పేరు నాది. వైద్యం జరిగింది మా అమ్మకి. బాకీ 2,940 డాలర్లు. ఆ బాకీ అసలు ఎవరిదో కాగితం మీద తేలడానికి చాలా నెలలు పట్టింది. అమ్మానాన్నల్ని విజిటర్ వీసా మీద తెచ్చుకునే ఎవరికైనా రేపు ఇదే ఎదురుకావచ్చు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను లాయర్ని కాదు, అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునేదాన్ని. ఇక్కడ చెప్పేవాటిలో కొన్ని దేశమంతటికీ వర్తించే చట్టాలు, కొన్ని టెక్సాస్‌కే పరిమితం. ఏది ఏదో ఎక్కడికక్కడ చెబుతాను.

అమ్మది తణుకు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. 2024 వేసవిలో మా దగ్గరికి వచ్చింది. ఫ్రిస్కోలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్లి భోంచేసి వచ్చాం. ఆ రాత్రి కడుపులో నొప్పి అంది. గ్యాసేమో అని ఈనో కలుపుకుని తాగింది. తెల్లవారేసరికి వాంతులు, చలిజ్వరం. 911కి ఫోన్ చేశాం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, దానికి తోడు ఇన్‌ఫెక్షన్. ఆపరేషన్ చేసి తీసేశారు. వైద్యం విషయంలో వేలెత్తి చూపడానికేమీ లేదు, చాలా బాగా చూశారు. డబ్బు కడితేగాని చెయ్యి వెయ్యం అనలేదు కూడా. 1986 నుంచి ఉన్న ఎమ్‌టాలా అనే ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని, డబ్బున్నా లేకపోయినా, ఏ దేశంవాళ్లయినా, పరీక్ష చేసి ప్రమాదం తప్పించాల్సిందే.

అమ్మ మంచం మీద మెలికలు తిరుగుతుండగా చక్రాల బల్ల మీద కంప్యూటర్ తోసుకుంటూ ఒకమ్మాయి వచ్చింది. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు. అమ్మది ఇండియా అడ్రసంటే అది తీసుకోవట్లేదని మా ఇంటి అడ్రసు, నా ఫోను నంబరు ఎక్కించుకుంది. ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఇంకొకరు కావాలంటే మా ఆడపడుచు నంబరు ఇచ్చాను. చిన్న పలక లాంటి దాని మీద సంతకం పెట్టమంది. అమ్మకి చెయ్యి ఆడట్లేదు కాబట్టి ఆమె తరఫున నేను పెట్టాను. పలక మీద సంతకం గీత తప్ప ఇంకేం కనపడదు, దాని వెనకున్న కాగితం కంప్యూటర్లో ఉంటుంది. ఆ గీతే తర్వాత కథంతా నడిపింది.

అమ్మకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సు ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం. అంటే ఆసుపత్రిలో రోజుకింత, ఆపరేషన్‌కింత అని ముందే రాసిపెట్టి ఉంటుంది, అసలు బిల్లు ఎంతయినా సరే. వాళ్లు ఇవ్వాల్సింది ఇచ్చారు. మిగిలింది కొండంత. ఒక విషయం నాకు అప్పుడే తెలిసింది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం, నెట్‌వర్క్‌లో లేని, అంటే ఇన్సూరెన్సు కంపెనీతో ఒప్పందం లేని ఎమర్జెన్సీ డాక్టర్లు మిగతా మొత్తం మీ మీద రుద్దకుండా ఆపుతుంది. కానీ అది ఇక్కడి మామూలు హెల్త్ ఇన్సూరెన్సు ఉన్నవాళ్లకి. విజిటర్ పాలసీలు దాని కిందకి రావు. ఇన్సూరెన్సు లేనివాళ్లకి ముందస్తు అంచనా ఇవ్వాలని అదే చట్టంలో ఇంకో రూలుంది గానీ, అది ముందుగా అపాయింట్‌మెంట్ పెట్టుకుని చేయించుకునే వైద్యానికి. అంబులెన్సులో పడుకున్న మనిషికి అంచనాలెవరిస్తారు?

బిల్లులు ఒక్కసారిగా రావు. ఆసుపత్రి బిల్లు ఒకటి, 48 వేల చిల్లర. ఎమర్జెన్సీ డాక్టర్లది వేరే కంపెనీ, వాళ్లది 2,940. సర్జన్‌ది వేరు, మత్తు డాక్టరుది వేరు, స్కాన్ చూసి రిపోర్టు రాసినాయన, అమ్మ మొహం కూడా చూడని మనిషి, ఆయనది వేరు. సిటీ అంబులెన్సుది 1,640. పెళ్లికి చదివింపులు వచ్చినట్టు రోజుకో కవరు. అమ్మ వాటిని సోఫా పక్కన పేర్చి, ఎవరూ చూడనప్పుడు లెక్క కట్టుకునేది. డాలర్లని రూపాయల్లోకి మార్చి, తణుకులో మా ఇంటి స్థలం ఎన్ని గజాలు అమ్మాలో చూసుకునేది.

మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పేరు చెప్పకుండా అడిగితే రెండు రకాల సలహాలొచ్చాయి. ఒకటి: "ఆంటీ వెళ్లిపోతారు కదా, వదిలెయ్యండి, ఇండియా దాకా వచ్చి ఎవడు అడుగుతాడు." రెండోది: "వెంటనే కట్టేయండి, క్రెడిట్ స్కోరు పోతుంది, గ్రీన్ కార్డ్ ఆగిపోతుంది." మొదటిది చెప్పినవాళ్లు ధైర్యవంతులూ కాదు, రెండోది చెప్పినవాళ్లు నిజాయితీపరులూ కాదు. ఇద్దరికీ చట్టం తెలియదంతే. నాకూ అప్పటికి తెలియదు. అమ్మ మాత్రం, "ప్రాణం నిలబెట్టినవాళ్లకి ఎగ్గొట్టకూడదే అమ్మాయ్. అలాగని వాళ్లు రాసిందల్లా ఇవ్వక్కర్లేదు. న్యాయమైనంత ఇద్దాం" అంది. నాన్న పోయాక పొలం కౌలు లెక్కలన్నీ తనే చూసుకున్న మనిషి, ఆ మాట ఊరికే అనలేదు.

ముందు ఆసుపత్రి సంగతి. అది లాభాపేక్ష లేని ఆసుపత్రి, అంటే పన్ను మినహాయింపు ఉన్నది. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం ఇలాంటి ఆసుపత్రులకి ఒక షరతు పెట్టింది. ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 501(ఆర్). దాని ప్రకారం ప్రతి ఆసుపత్రికీ రాతపూర్వకమైన ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ, అంటే కట్టలేనివాళ్లకి బిల్లు తగ్గించే పద్ధతి ఉండాలి, బిల్లు మీద ఆ సంగతి కనపడేలా చెప్పాలి. మా బిల్లు మీదా ఉంది. కనపడేలా అన్న మాటకి వాళ్ల అర్థం వేరు, అది వేరే సంగతి. డిశ్చార్జి తర్వాత మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదటి 120 రోజులు వాళ్లు కోర్టుకెక్కడం, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలకి చెప్పడం, బాకీని ఇంకొకరికి అమ్మేయడం లాంటివి చెయ్యకూడదు. ఆ తర్వాత చేసినా 30 రోజుల ముందు రాసి చెప్పాలి. దరఖాస్తు అందాక అది తేలేవరకు మళ్లీ ఆగాలి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది: ఊరికే ఫోన్లు చెయ్యడానికి కలెక్షన్ ఏజెన్సీకి అప్పగించడం ఈ నిషేధం కిందకి రాదు. ఏజెన్సీ ఫోను వచ్చినంత మాత్రాన 501(ఆర్) మీరినట్టు కాదు, మీ దరఖాస్తు హక్కు పోయినట్టూ కాదు.

దరఖాస్తు పెట్టేలోపే ఐటమైజ్డ్ బిల్లు అడిగాను. టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి ఒక చట్టం ఉంది, సెనేట్ బిల్లు 490. ఏ సేవకి ఎంతో, మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో ఆసుపత్రి వివరంగా రాసి ఇవ్వాలి, అది ఇవ్వకుండా వసూలుకి దిగకూడదు. పేజీలకి పేజీలొచ్చింది. నా ఉద్యోగమే తప్పులు వెతకడం కాబట్టి ఒక్కో వరసా చూశాను. కడుపు సీటీ స్కాన్ రెండు వరసల్లో ఉంది. ఒకటి 74176, కాంట్రాస్ట్ మందు లేకుండా. ఇంకొకటి 74177, మందు ఎక్కించి. అమ్మని స్కాన్‌కి తీసుకెళ్లింది ఒక్కసారే. రేడియాలజీ రిపోర్టు తీసి చూస్తే అందులోనూ మందుతో తీసిన స్కానొక్కటే ఉంది. రెండూ చేసుంటే దానికి 74178 అని వేరే కోడ్ ఉంటుందట. ఆ రెండు వరసల కింద గీత గీసి, రిపోర్టు జత చేసి పంపాను. ఒక వరస తీసేశారు. క్షమాపణ గట్రా ఏమీ లేదు, కొత్త బిల్లు వచ్చిందంతే, కొన్ని వేలు తగ్గి.

ఫైనాన్షియల్ అసిస్టెన్స్ దరఖాస్తు దగ్గర అసలు ప్రశ్న ఎవరి ఆదాయం చూపించాలన్నది. ఫోన్లో మాట్లాడినావిడ మొదట నా జీతం, మా ఆయన జీతం అడిగింది. పాలసీ కాపీ తెప్పించుకుని చదివితే, కుటుంబం అంటే రోగి, రోగి భర్త లేక భార్య, రోగి మీద ఆధారపడ్డవాళ్లు అని రాసుంది. వేరే సంసారం ఉన్న కూతురు అందులో లేదు. నేను ట్యాక్స్ రిటర్నులో అమ్మని డిపెండెంట్‌గా చూపించలేదు. ఇండియా నుంచి విజిటర్‌గా వచ్చిన తల్లిని చూపించడానికీ వీల్లేదు. ఆ పేజీనే జత చేసి పంపాక నా జీతం ఊసెత్తలేదు. కౌంటీలో నివసించేవాళ్లకే అన్న షరతు కూడా ఉంది, కానీ ఎమర్జెన్సీకి అది వర్తించదని దాని కిందే రాసుంది. ఈ షరతులు ఆసుపత్రికో రకంగా ఉంటాయి. అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది, పాలసీ పూర్తి కాపీ తెచ్చుకోండి, ఒక పేజీ సారాంశంతో ఆగొద్దని.

అమ్మ ఆదాయం నాన్న మీద వచ్చే ఫ్యామిలీ పెన్షన్. ఆయన ప్రభుత్వ హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. నెలకి 24 వేల రూపాయలు, అంటే ఏడాదికి మూడున్నర వేల డాలర్లు కూడా లేదు. 2024లో ఒంటరి మనిషికి ఫెడరల్ పేదరిక రేఖ 15,060 డాలర్లు. మా ఆసుపత్రి పాలసీలో దానికి రెండింతల లోపు ఉంటే పూర్తి మాఫీ. తణుకులో మా తమ్ముడు ట్రెజరీ పెన్షన్ స్లిప్పు, బ్యాంకు పాస్‌బుక్కు ఫొటోలు తీసి పంపాడు, ప్రతి ఫొటోలోనూ వాడి బొటనవేలు పడేలా. మళ్లీ స్కాన్ చేయించి పంపాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో ఈ దరఖాస్తులు చూసే కౌన్సెలర్‌తో మాట్లాడేటప్పుడు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడిగాం. ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు, ఫోన్లో. అవతలాయన, "అమ్మగారూ, మీ వార్షిక ఆదాయం ఎంతండీ?" అనగానే అమ్మ మొహం వికసించింది. "మీదే ఊరు బాబూ?" అంది. ఆయన వృత్తిధర్మం తప్పకుండా దాన్నీ ఇంగ్లీషులోకి మార్చి కౌన్సెలర్‌ని అడిగాడు. ఆవిడ కంగారుపడి, తనది ఫోర్ట్‌వర్త్ అని చెప్పింది. అలా అమ్మకి ఇద్దరూ చుట్టాలైపోయారు. అక్టోబరులో ఉత్తరం వచ్చింది, ఆసుపత్రి బిల్లు పూర్తిగా మాఫీ అని. అమ్మ అప్పటికి ఇండియా ప్రయాణానికి సర్దుకుంటోంది. ఆ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పాస్‌పోర్టుతో పాటు తీసుకెళ్లింది.

సర్జను, మత్తు డాక్టరు, స్కాన్ డాక్టరు ఆసుపత్రి పాలసీ జాబితాలో ఉన్నారు కాబట్టి వాళ్ల బిల్లులూ దాంతోనే పోయాయి. ఎమర్జెన్సీ డాక్టర్ల కంపెనీ ఆ జాబితాలో లేదు. 501(ఆర్) కట్టడి ఉన్నది ఆసుపత్రికి. అక్కడ పనిచేసే బయటి డాక్టర్ల కంపెనీలకి కాదు, జాబితాలో ఉంటే తప్ప. ఎవరెవరు ఉన్నారో ఆ జాబితా ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం ఆసుపత్రిదే. ఆ 2,940 అలాగే మిగిలింది, కలెక్షన్‌కి వెళ్లింది.

మొదటి ఫోను ఆఫీసు మీటింగులో ఉండగా వచ్చింది. ఏజెన్సీవాడి మాట మొదట తీపిగానే ఉంది. నేను ఈ అకౌంట్‌కి గ్యారంటర్‌నట, అంటే బాకీకి పూచీ పడ్డ మనిషినట. ఈ రోజే కార్డు మీద కడితే కొంత తగ్గిస్తాడట. నేను గ్యారంటర్‌ని ఎలా అయ్యానని అడిగితే గొంతు మారింది. కట్టకపోతే నా క్రెడిట్ మీద పడుతుందన్నాడు, మీ మదర్‌కి మళ్లీ ఈ దేశం రావడం కష్టమవుతుందన్నాడు. కార్డు నంబరు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది: ఆసుపత్రి బాకీని క్రెడిట్ కార్డు మీదకి ఎక్కిస్తే అది ఇక ఆసుపత్రి బాకీ కాదు, మామూలు కార్డు అప్పు. వైద్య బాకీలకున్న వెసులుబాట్లేవీ దానికుండవు. ఏజెన్సీ పేరు, అడ్రసు అడిగి, మిగతాది ఉత్తరంలో పంపమని పెట్టేశాను.

ఆ వారంలోనే మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, అత్తయ్యగారి ఆసుపత్రి బాకీ అంటూ నాకు ఫోన్ చేశారేంటి? ఎంతో కట్టాలట, మీరు ఫోన్ ఎత్తట్లేదట?" ఎమర్జెన్సీ కాంటాక్ట్ గడిలోంచి ఆ నంబరు తీసుకున్నారు. డబ్బు కన్నా ఇది ఎక్కువ పొడిచింది. సాయంత్రానికి మా అత్తగారికి, మర్నాటికి హైదరాబాదులో అందరికీ తెలిసిపోయింది, మా అమ్మ అమెరికాలో బాకీ పెట్టి వెళ్లిపోయిందని. మన దగ్గర పరువు అంటే ఏంటో ఆ ఏజెన్సీవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు, వాడి వ్యాపారమే దాని మీద.

చట్టం చదివితే ఆశ్చర్యమేసింది, సరిగ్గా దీన్నే 1977లో ఆపారు. ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ చట్టం, దేశమంతటికీ వర్తిస్తుంది. బాకీదారు ఆచూకీ తెలుసుకోవడానికి తప్ప మూడో మనిషికి ఫోన్ చెయ్యకూడదు. చేసినా బాకీ ఉందన్న మాట బయటపెట్టకూడదు. బాకీదారు ఉన్నచోట ఉదయం 8 నుంచి రాత్రి 9 మధ్యే పిలవాలి. మా ఆయన, "అత్తయ్యగారు తణుకులో ఉన్నారు కదా, అయితే వాళ్లు డ్యూటీ నైట్ షిఫ్టుకి మార్చుకోవాలి" అన్నాడు. చెయ్యలేని పని, చెయ్యాలనుకోని పని చేస్తామని బెదిరించకూడదు. కట్టకపోతే అరెస్టంటూ అబద్ధమాడకూడదు. 2021 నవంబరు 30 నుంచి వచ్చిన రెగ్యులేషన్ ఎఫ్ దీనికి ఇంకొన్ని చేర్చింది: ఒక బాకీ గురించి ఏడు రోజుల్లో ఏడుసార్లకి మించి ఫోన్ చేస్తే వేధింపు కిందే చూస్తారు, ఒకసారి మాట్లాడాక మళ్లీ వారం ఆగాలి. ఒకటి గుర్తుంచుకోవాలి, ఈ 1977 చట్టం బయటి వసూలుదారులకి. ఆసుపత్రి బిల్లింగ్ ఆఫీసే స్వయంగా ఫోన్ చేస్తే ఇది వర్తించదు. టెక్సాస్‌కి తన సొంత వసూళ్ల చట్టం ఉంది, బెదిరింపుల విషయంలో అది అసలు అప్పిచ్చినవాళ్లకీ వర్తిస్తుంది.

ఉత్తరం వచ్చింది. మొదట మాట్లాడిన 5 రోజుల్లోపు ఇది పంపాలి. రెగ్యులేషన్ ఎఫ్ నమూనా ప్రకారమే ఉంది: పైన ఎవరికి ఎంత బాకీ, ఏ తేదీనాటికి ఎంత, వడ్డీ ఎంత, కట్టింది ఎంత. కింద చింపి పంపే ముక్క. అందులో గళ్లు, ఇది నా బాకీ కాదు, మొత్తం తప్పు, ఇతరత్రా. ఏ తేదీలోగా అభ్యంతరం చెప్పాలో అచ్చు వేసి ఉంది. చట్టంలో ఆ గడువు 30 రోజులు. ఈ లోపు రాతపూర్వకంగా కాదంటే, రుజువు పంపేదాకా వాళ్లు వసూలు ఆపాలి. గడువు దాటాక కాదన్నా వినాలన్న నిర్బంధం లేదు. ఫోన్లో ఎంత సేపు వాదించినా ఈ హక్కు రాదు, కాగితం మీద రాస్తేనే వస్తుంది.

మొదటి గడిలో టిక్కు పెట్టి, దాంతోపాటు ఒక పేజీ ఉత్తరం రాశాను. ఈ బాకీ నాది కాదు. నన్ను బాధ్యురాలిని చేసే సంతకం ఉన్న కాగితం పంపండి. అసలు ఎవరి తరఫున వసూలు చేస్తున్నారో చెప్పండి. ఇకపై ఉత్తరాల ద్వారానే మాట్లాడండి. ఫలానా తేదీన మా బంధువుకి ఫోన్ చేసి బాకీ సంగతి చెప్పారు, అది చట్టవిరుద్ధం. కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో, అదే సీఎఫ్‌పీబీ, తన వెబ్‌సైట్లో నమూనా ఉత్తరాలు పెట్టింది, భాష అక్కడిదే. సర్టిఫైడ్ మెయిల్లో, అందినట్టు సంతకం తిరిగొచ్చేలా పంపాను. ఆ రసీదు ఆకుపచ్చ అట్టముక్క, పోస్టాఫీసులో దాన్ని గ్రీన్ కార్డ్ అనే అంటారు. ఈ దేశంలో క్యూ లేకుండా నాకు దొరికిన గ్రీన్ కార్డ్ అదొక్కటే.

జవాబుగా వాళ్లు పంపింది పాత బిల్లుకే ఇంకో ప్రింటు. గ్యారంటర్ అన్న గడిలో నా పేరు. అంతే, సంతకం లేదు. అంటే రిజిస్ట్రేషన్ అమ్మాయి మా అడ్రసు ఎక్కించిన గడి అదన్నమాట. ఆసుపత్రి నుంచి ఆ వివరాల షీటు డాక్టర్ల కంపెనీకి, అక్కడి నుంచి ఏజెన్సీకి వెళ్లింది, ప్రతి చేతిలోనూ కొంచెం కొంచెం గట్టిపడుతూ.

ఆసుపత్రి రికార్డుల విభాగానికి రాసి, అమ్మ సంతకంతో, అడ్మిషన్ రోజు కాగితాలన్నీ అడిగాం. వైద్యానివైనా బిల్లులవైనా తన రికార్డులు 30 రోజుల్లోపు పొందే హక్కు హిపా చట్టం కింద రోగికి ఉంది. వచ్చిన పేజీల్లో నేను పలక మీద గీసిన గీత దొరికింది. అది "రోగి లేక రోగి ప్రతినిధి" అన్న గీత మీద ఉంది, పక్కన "కూతురు" అని. దాని కింద "ఆర్థిక బాధ్యత వహించేవారు" అని ఇంకో గీత ఉంది. ఖాళీ. ఆ ఖాళీ గీత ఉన్న పేజీని చూసి మా ఆయన ఫ్రేము కట్టిద్దామన్నాడు.

పెద్దయిన పిల్లలు, తాము ఒప్పుకుని సంతకం పెడితే తప్ప, తల్లిదండ్రుల ఆసుపత్రి బాకీకి టెక్సాస్‌లో బాధ్యులు కారు. అన్ని రాష్ట్రాల్లో ఇలాగే అనుకోకండి. పెన్సిల్వేనియాలో తల్లిదండ్రుల పోషణ బాధ్యత చట్టం ఇంకా బతికే ఉంది, 2012లో అక్కడి అప్పీలు కోర్టు ఒక కొడుకు మీద తల్లి నర్సింగ్ హోమ్ బిల్లు, 93 వేల డాలర్ల దాకా, సమర్థించింది.

ఆ పేజీ జత చేసి ఏజెన్సీకి రెండో ఉత్తరం పంపాను. సీఎఫ్‌పీబీకి, టెక్సాస్ అటార్నీ జనరల్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాను. ఇంకో సంగతి, టెక్సాస్‌లో వసూళ్లు చేసే బయటి ఏజెన్సీ 10 వేల డాలర్ల పూచీ బాండు రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర దాఖలు చెయ్యాలి. చేసిందో లేదో ఎవరైనా వెతుక్కోవచ్చు. వీళ్లది ఉంది, కాబట్టి దొంగ ఫోను కాదని రూఢి అయింది. ఆడపడుచుకి చేసిన ఫోను మీద దావా వెయ్యొచ్చని, ఏడాదిలోపు వెయ్యాలని, నష్టపరిహారం కాక వెయ్యి డాలర్ల వరకు, లాయరు ఖర్చులు కూడా రావచ్చని ఒక కన్స్యూమర్ లాయరు చెప్పాడు. వెయ్యలేదు. ఆడపడుచుని సాక్ష్యానికి రమ్మనే ధైర్యం నాకు లేదు. కొంతకాలానికి ఏజెన్సీ నుంచి మూడు లైన్ల ఉత్తరం: అకౌంటు మూసేశాం, అప్పగించినవాళ్లకి తిప్పి పంపేశాం.

క్రెడిట్ గురించి భయపెట్టాడు కదా, అది కూడా తవ్వాను. ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోలూ 2022 జూలై నుంచి కట్టేసిన వైద్య బాకీలని చూపించడం మానేశాయి, కట్టనివాటికి ఏడాది గడువిచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి 500 డాలర్ల లోపువి తీసేశాయి. ఇవి వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న నియమాలు, చట్టం కాదు. మా గొడవ నడుస్తుండగానే 2025 జనవరిలో సీఎఫ్‌పీబీ అన్ని వైద్య బాకీలనీ క్రెడిట్ రిపోర్టుల నుంచి తీసేసే రూలు ఖరారు చేసింది. కోటిన్నర మంది రిపోర్టుల నుంచి 4,900 కోట్ల డాలర్ల బాకీలు పోతాయన్నారు. మా టెక్సాస్‌లోనే ఫెడరల్ కోర్టు జూలైలో దాన్ని కొట్టేసింది. కొలరాడో, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు సొంతంగా చట్టాలు చేసుకున్నాయి. న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురికి ఉన్న రక్షణ నాకు లేదు. అయినా ఆ రోజు ఫోన్లో అన్నది బూటకమే. ఏడాది కాలేదు, బాకీ నాది కాదు, అమ్మకి సోషల్ సెక్యూరిటీ నంబరే లేదు.

వీసా సంగతి ఇమిగ్రేషన్ లాయర్ని అడిగాను. ప్రైవేటు డాక్టర్ల బాకీ నేరం కాదు, ప్రభుత్వ సాయం తీసుకున్నట్టూ కాదు అన్నాడు. కాన్సులేట్‌లో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమని, బాకీ తీరిన కాగితాలు దగ్గరుంచుకోమని చెప్పాడు.

వాట్సాప్ గ్రూపు ధైర్యవంతులకి ఒక మాట. టెక్సాస్‌లో ఇలాంటి బాకీకి జీతంలోంచి కోత పెట్టలేరు, నిజమే. కానీ కోర్టులో డిక్రీ వస్తే బ్యాంకు ఖాతా మీదకి రావచ్చు. చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టు నుంచి నోటీసు అందితే 14 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అవతలివాళ్లు చెప్పిందే ఖాయమవుతుంది. ఏజెన్సీ ఉత్తరాన్ని, కోర్టు నోటీసుని ఒకే గాటన కట్టి చెత్తబుట్టలో వెయ్యొద్దు.

డాక్టర్ల కంపెనీతో మిగిలింది అమ్మ పేరు మీద తేల్చుకున్నాం. అమ్మ రాసిచ్చిన అనుమతితో నేను మాట్లాడాను. వాళ్లు రాసిన కోడ్ 99285, ఎమర్జెన్సీలో అన్నిటికన్నా పెద్దది. దానికి మెడికేర్, అంటే పెద్ద వయసువాళ్లకి ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్సు, ఎంతిస్తుందో ఎవరైనా చూసుకోవచ్చు. చూసి, వీళ్లడిగింది అంతకి ఎన్ని రెట్లో లెక్క చెప్పాను. బేరం 900 దగ్గర తెగింది. డబ్బు కట్టే ముందు, 900 అందితే బాకీ పూర్తిగా తీరినట్టేనని ఉత్తరం కావాలన్నాను. ముందు కట్టండి తర్వాత పంపుతామన్నారు. ముందు ఉత్తరం అన్నాను. పంపారు. తమ్ముడి చేత అమ్మ తన పెన్షన్ ఖాతాలోంచే పంపించింది, నా దగ్గర తీసుకోనంది.

అంబులెన్సుది సిటీవాళ్ల బాకీ, దానికి మాఫీ రాలేదు, బేరమూ కుదరలేదు. వడ్డీ లేకుండా నెలకి 50 డాలర్ల వాయిదా ఒప్పుకున్నారు. అది ఇంకా నడుస్తోంది.